సాక్షి నంబరు రెండు

గుంటూరు కోర్టు గోడ వారన
గొడుగు కింద నా టైపు మిషను.
ముప్పై ఒక్క ఏళ్ళుగా
పొలాలు అమ్మించాను, కాపురాలు విడగొట్టాను,
చచ్చిపోయినవాళ్ళు చచ్చిపోయారని కొట్టి ఇచ్చాను.
ఇంగ్లీషు 'పి' ఒక్కటే సరిగా పడదు దీంట్లో,
బొజ్జ పడుతుంది, కాలు పడదు.
తర్వాత పెన్నుతో గీస్తాను.

మే నెల, పదకొండు గంటలు. ఇద్దరొచ్చారు.
తల్లి బత్తుల దయామణి,
కోల్డ్ స్టోరేజీలో మిరప తొడాలు తీస్తుంది,
కిలోకి ఇంత అని.
కూతురు కెజియా, పద్దెనిమిది నిండలేదు.
"రెండు కాగితాలు బాబాయ్" అంది పిల్ల.

మొదటిది స్కాలర్‌షిప్పుకి.
మాకేమీ లేదు అని రాయాలి.
ఇల్లు లేదు, సెంటు భూమి లేదు,
వచ్చే నాలుగు డబ్బులూ సీజనుంటేనే.
ఇలాంటివి నా వేళ్ళకి కంఠతా వచ్చు,
అవి కొట్టుకుపోతుంటాయి, నేను టీ తాగుతుంటాను.

రెండోది బాండు.
మూడేళ్ళు తిండి పెట్టి, గుర్రం ఎక్కించి, ఈత నేర్పి,
ఆ తర్వాత ఎప్పుడో విమానం చేతికిస్తారట.
మధ్యలో తనంతట తానే మానేసి వస్తే
అప్పటిదాకా అయిన ఖర్చు, వారాల లెక్కన,
తల్లి తిరిగి కట్టాలి.

ఆ అంకె చదవమంది దయామణి. చదివాను.
చెమట తుడుచుకోబోయి చెయ్యి ఆపేసింది,
ఆ చేత్తో మొహం ముట్టుకోదు, అలవాటు.
"ఎన్ని టిక్కీల కాయండీ అది?"
కాలిక్యులేటర్ కోసం వెతుకుతున్నాను.
పిల్ల ముందే వేసుకున్నట్టుంది లెక్క.
"అది వద్దులేమ్మా" అంది.

కళ్ళు ఆరుకి ఆరట.
ఆ ఘాటులో పెరిగి ఎలా నిలిచాయో మరి.
చింతపండుతో ఒకసారి, మజ్జిగతో ఒకసారి
చేతులు కడిగి కూడా
దయామణి ఏనాడూ పిల్లకి కాటుక పెట్టలేదట,
అన్నం స్పూనుతో పెట్టేదట.
పేటలో నవ్వేవాళ్ళట, దొరసాని పెంపకమని.

మైసూరులో ఒక గదిలో కూర్చోబెట్టి
చేతికో కడ్డీ, కాళ్ళకి రెండు పెడల్లు ఇచ్చి
తెర మీద పారిపోయే చుక్కని పట్టుకోమన్నారట.
జన్మకి ఒక్కసారేనట ఆ పరీక్ష.
"భయమెయ్యలేదా?" అన్నాను.
"మిర్చి యార్డు రోడ్డులో
లారీల మధ్య సైకిలు తొక్కినదాన్ని" అంది.

వేలిముద్ర దగ్గర ఆగిపోయాం.
కుడి బొటనవేలు అద్దితే నీలం మచ్చ పడింది,
గీతల్లేవు.
మళ్ళీ అద్దితే మళ్ళీ మచ్చే.
"రేషను మిషనూ ఇంతేనండీ, నన్ను నేను కాదంటది."
రూలు పక్కన పెట్టి ఎడమ వేలు అద్దించాను. కాస్త పడింది.

అప్పుడు చూశాను రెండు కాగితాలూ పక్కపక్కన.
ఒకదాని మీద ఏమీ లేదని,
ఇంకోదాని మీద లక్షలు కడతానని.
లేనిది ఉందని రాయించుకున్నవాళ్ళు
ఈ గొడుగు కిందికి చాలామంది వచ్చారు,
ఉన్నది లేదని రాయించుకున్నవాళ్ళు అంతకన్నా ఎక్కువ.
లేకపోవడాన్నే పూచీ పెట్టిన మనిషిని
ఇప్పుడే చూడటం.

సాక్షి నంబరు ఒకటి, జెరాక్సు షాపు వలీ.
ఇంకొకరు కావాలి.
యాభై ఇస్తే ఎవరికైనా సాక్షి సంతకం పెట్టేవాళ్ళు
టీ బండి దగ్గరే ఉంటారు.
పిలవలేదు. నేనే పెట్టాను.

కెజియా అంతా చదివి
పైలట్ అన్న మాట మీద వేలుంచింది.
"బాబాయ్, దీనికి కాలు లేదు."
పెన్ను ఇచ్చాను.
తనే గీసుకుంది, నిలువుగా.

కవరు అతికిస్తుంటే తుమ్ములు, వరసగా మూడు.
కాగితం నిండా తల్లి చేతుల ఘాటు.
వచ్చే వారం పూనా దగ్గర ఎక్కడో
ఆ ఫైలు విప్పే గుమాస్తా ఎవరో
తుమ్మి, కళ్ళు తుడుచుకుని,
ఏ ఊరిదిరా ఇది అని
అడ్రసు చూస్తాడు.